సీసం పట్నంలో ఇద్దరు స్నేహితురాళ్ళ పందెం

కందిపప్పు గిన్నెలో వేసి గంటసేపు ఉడికించినా గింజలు గింజలుగానే ఉండిపోయే ఊరు ఒకటుందంటే మీరు నమ్ముతారా? పప్పులో దోషం లేదు, నీళ్ళలో దోషం లేదు. దోషమంతా ఎత్తుదే. అమెరికాలో కొలరాడో రాష్ట్రంలో ఉన్న లెడ్‌విల్ అనే ఆ ఊరు సముద్రమట్టానికి 10,150 అడుగుల పైన ఉంది. మన తిరుమల కొండకి మూడు రెట్ల పైమాటే. మన తూర్పు కనుమల్లో బాగా ఎత్తైన అర్మ కొండ శిఖరం 5,500 అడుగులైతే, ఈ ఊళ్ళో జనం దానికి దాదాపు రెట్టింపు ఎత్తున కాపురాలు చేస్తూ, పిల్లల్ని బడికి పంపుతూ, మార్కెట్‌కి వెళ్ళొస్తూ ఉంటారు. అంత ఎత్తున గాలి ఒత్తిడి తక్కువ కనక నీళ్ళు 100 డిగ్రీలకి కాక 90 డిగ్రీలకే మరిగిపోతాయి. చూడ్డానికి కుతకుతలాడుతూనే ఉంటాయి, పప్పు మాత్రం మెత్తబడదు. కుక్కరు లేని ఇల్లాలి పని అక్కడ అధోగతే. కుక్కరున్నా సరే, ఇక్కడ మూడు కూతలకి దించేవాళ్ళు అక్కడ అయిదారు దాకా ఆగాల్సిందే.

ఇంతకీ అక్కడికి నేనెందుకు వెళ్ళానంటారా? పందెం చూడ్డానికి. గుర్రప్పందెం కాదు, కోడిపందెం అంతకన్నా కాదు. మా అమ్మాయికీ, తన ప్రాణస్నేహితురాలికీ మధ్య పందెం. కొండల్లో కాలిబాట వెంట పరుగొకటి, రాళ్ళదారిలో సైకిలు తొక్కడం ఇంకొకటి.

2022 వేసవిలో నేను డెన్వర్‌లో మా అమ్మాయి దగ్గర ఉన్నాను. ఈ స్నేహితురాలిది బెజవాడ. ఇద్దరూ ఇంజనీరింగు కాలేజీ హాస్టల్లో ఒకే గదిలో నాలుగేళ్ళున్నారు. తరవాత ఉద్యోగాలు కూడా ఒకే ఊళ్ళో దొరికాయి. ఆ పిల్ల నన్ను మొదటినుంచీ "పిన్నీ" అనే పిలుస్తుంది. మనిషి సన్నగా, తేలిగ్గా ఉంటుంది, పరిగెడితే లేడిపిల్లే. మా అమ్మాయి కాస్త దిట్టం, కాళ్ళలో బలం ఉంది, సైకిలెక్కితే దాన్ని పట్టుకోవడం కష్టం. అందుకని ఇద్దరూ కూర్చుని ఒక ఒప్పందం రాసుకున్నారు. జూన్‌లో లెడ్‌విల్‌లో జరిగే కొండ మారథాన్ పరుగు, జూలైలో అక్కడే జరిగే 50 మైళ్ళ సైకిలు పందెం, రెండింటికీ పట్టిన సమయం కలపాలి. ఎక్కువ సమయం పట్టిన మనిషి వచ్చే సంక్రాంతికి రెండిళ్ళకీ అరిసెలు వండి పెట్టాలి.

నవ్వొచ్చిందా? నాకూ వచ్చింది. కానీ లోపల సంగతి వేరు. బెజవాడలో ఆ పిల్ల తల్లి ఒంటరిగా ఉంటోంది. అంతకు ముందు ఏడాది బాత్‌రూములో జారిపడి తుంటి ఎముక విరగ్గొట్టుకుంది. అందుకని ఈ అమ్మాయి ఉద్యోగం వదిలేసి ఆగస్టులో ఇండియాకి వచ్చేయడానికి టిక్కెట్టు కొనేసుకుంది. అంటే ఇద్దరూ కలిసి ఉండే ఆఖరి వేసవి అది. ఆ మాట ఇద్దరూ నోరెత్తి అనేవాళ్ళు కాదు, పొద్దున్నే లేచి పరిగెత్తేవాళ్ళు, అంతే. మనమైతే ఊరు విడిచి వెళ్ళే స్నేహితురాలికి ఓ చీర పెట్టి, భోజనానికి పిలిచి, కాసేపు కళ్ళనీళ్ళు పెట్టుకుంటాం. వీళ్ళేమో ఒకళ్ళనొకళ్ళు ఓడించాలని చూస్తున్నారు. కాలం మారింది మరి!

డెన్వర్ నుంచి లెడ్‌విల్ సుమారు 160 కి.మీ. కారులో రెండు గంటలు పడుతుంది. పడమటి దిక్కుగా వెళ్ళే పెద్ద రహదారి కొండల కిందుగా ఐసెన్‌హోవర్ సొరంగంలోంచి సాగుతుంది. ఆ సొరంగమే 11 వేల అడుగుల ఎత్తున ఉంది. అది దాటాక ఇంకో దారిలోకి తిరిగితే ఫ్రీమాంట్ కనుమ వస్తుంది. ఆ కనుమ మీదనే క్లైమాక్స్ అనే బ్రహ్మాండమైన గని కనిపిస్తుంది. కొండని సగానికి కోసి పళ్ళెంలో పెట్టినట్టుంటుంది. ఉక్కుని గట్టిపరచడానికి వాడే మాలిబ్డినం అనే ఖనిజం అందులోంచి తీస్తారు. డెన్వర్‌లో కొన్న చిప్సు ప్యాకెట్టు అక్కడికి చేరేసరికి పూరీలా ఉబ్బిపోయింది. నా తల కూడా కాస్త అలాగే ఉందనిపించింది.

ఈ గని కథ తెలిస్తేనే పందెం కథ అర్థమవుతుంది. లెడ్‌విల్‌లో ఏ ఇల్లు చూసినా దాని మీద ఆధారపడిందే. 1982లో ధరలు పడిపోయి గని మూతపడింది. వేలమందికి ఒక్కసారిగా పని పోయింది. మన నిజాంసాగర్ దగ్గరో, సిర్పూర్‌లోనో ఫ్యాక్టరీ మూతపడితే ఊళ్ళో కిరాణా కొట్టుకి కూడా తాళం పడిందని విన్నాం కదా, అదే పరిస్థితి. కెన్ క్లౌబర్ అని గనిలో పనిచేసిన మనిషి ఒకాయనకి ఒక ఆలోచన వచ్చింది. జనం ఈ ఊరికి వచ్చి ఒక రాత్రి ఉండేట్టు చేస్తే హోటలుకి బేరం, కొట్టుకి బేరం. రాత్రి ఉండాలంటే ఒక్క పగల్లో అయిపోని పని పెట్టాలి. అందుకని 100 మైళ్ళ పరుగుపందెం పెట్టాడు! ఆస్పత్రి పెద్ద ఒకాయన ఇంత ఎత్తున అంత దూరమా, ఎవరైనా చస్తారయ్యా అంటే, అయితే మన ఊరికి పేరొస్తుందిలెండి అన్నాడట. 1983లో మొదటి పందానికి 45 మంది నించుంటే 10 మంది ముగించారు. ఆయనతో కలిసి ఆ పందాన్ని నిలబెట్టినావిడ మెరిలీ మాపిన్. ముగింపు గీత దాటి వచ్చిన ప్రతి మనిషినీ ఆవిడ కావిలించుకుని పతకం వేసేవారు. 1994లో 100 మైళ్ళ సైకిలు పందెం కూడా మొదలైంది. ఇప్పుడు వేసవంతా అక్కడ ఏదో ఒక పందెమే. గని 2012లో మళ్ళీ తెరిచారుగానీ, ఈలోగా ఊరిని బతికించింది పరిగెత్తేవాళ్ళూ, సైకిళ్ళవాళ్ళూనే. నాకు ఈ సంగతి భలే నచ్చింది.

జూన్‌లో పరుగు రోజు. తెల్లవారుజామున చలి మన డిసెంబరు చలికి తాతలా ఉంది. ఊరి నడిబొడ్డున ఆరో వీధిలో వందలమంది నిక్కర్లతో గెంతుతున్నారు. దూరం 26 మైళ్ళు, అంటే 42 కి.మీ. మధ్యలో మస్కిటో పాస్ అనే కనుమ దాకా ఎక్కి తిరిగి రావాలి. దాని ఎత్తు 13,185 అడుగులు. పేరుకి దోమల కనుమ, అంత ఎత్తున దోమ కూడా ఊపిరాడక చస్తుంది! పరుగు అంటారుగానీ పై భాగంలో ఎవరూ పరిగెత్తరట. మోకాళ్ళ మీద చేతులు ఆనించుకుని, తల వంచుకుని మన కాలినడక భక్తుల్లాగే ఎక్కుతారట. జూన్ నెల అయినా పక్కన మంచు పేరుకునే ఉంటుంది.

వాళ్ళు పైకి పోయాక నేనూ మా అల్లుడూ ఊరు చూడ్డానికి బయల్దేరాం. ఊరి పేరులో లెడ్ అంటే సీసం, సీసం పట్నం అన్నమాట. నిజానికి పేరు తెచ్చింది వెండి. 1880 జనాభా లెక్కల నాటికే ఇక్కడ పదిహేను వేలమంది దాకా ఉండేవారు. ఇప్పుడు రెండున్నర వేలు. హారిసన్ వీధిలో 1879లో కట్టిన టేబర్ ఆపెరా హౌస్ అనే నాటకశాల ఇంకా నిలబడి ఉంది. మూడంతస్తుల ఇటుక కట్టడాన్ని వంద రోజుల్లో లేపారట. కట్టించిన హోరెస్ టేబర్ గురించి అక్కడ అందరూ చెబుతారు. నేను మీకు ఆయన భార్య అగస్టా గురించి చెబుతాను.

1860లో ఈ లోయలోకి బంగారం వెతుక్కుంటూ వచ్చిన గుంపులో ఆవిడే మొదటి ఆడది. చంకలో పిల్లాడు. మగవాళ్ళు మట్టి తవ్వుతుంటే ఈవిడ రొట్టెలు కాల్చి అమ్మింది, పూటకూళ్ళు నడిపింది, బట్టలు ఉతికింది, గనివాళ్ళు తెచ్చిన బంగారం రజను తూచింది, పోస్టాఫీసు చూసింది. ఇరవై ఏళ్ళ దగ్గర దగ్గర ఆ ఇల్లు నడిచింది ఆవిడ చేతి మీదే. 1878లో వాళ్ళ కొట్లోంచి అరువు సరుకులు పట్టికెళ్ళిన ఇద్దరు జర్మన్లకి వెండి తగిలింది, మూడో వంతు వాటా టేబర్ గారిది. కోటీశ్వరుడైపోయాడు. అయ్యాక ఏం చేశాడు? మీరు ఊహించిందే చేశాడు. బేబీ డో అనే అందగత్తెని చేరదీసి, 1883లో అగస్టాకి విడాకులిచ్చి, ఈవిడతో వాషింగ్టన్‌లో దేశాధ్యక్షుడు ఆర్థర్ సమక్షంలో పెళ్ళి చేసుకున్నాడు. 1893లో వెండి ధర కూలిపోయింది, ఆస్తంతా కొట్టుకుపోయింది, 1899లో పోయాడు. అగస్టా తన వాటా జాగ్రత్త చేసుకుని 1895లో కలిగిన ఇల్లాలిగానే కన్నుమూసింది.

ఇక ఆ బేబీ డో. అందరూ వేలెత్తి చూపిన మనిషే, కానీ మొగుడు పోయాక వేరే బతుకు చూసుకోలేదు. ఊరి బయట మ్యాచ్‌లెస్ అనే పాత వెండి గని పక్కన, పనిముట్లు పెట్టుకునే చెక్క గదిలో, కాళ్ళకి గోనెపట్టలు చుట్టుకుని ముప్ఫై ఏళ్ళకి పైగా బతికింది. 1935 మార్చిలో చలికి కొయ్యబారిపోయి కనిపించింది. ఆ గది ఇప్పటికీ ఉంది, నేను గుమ్మంలో నించుని చూశాను. మన స్టోరు రూమంత కూడా లేదు. ఇద్దరిలో ఎవరి మీద జాలిపడాలో నాకు తేలలేదు. మీకు తేలితే నాకు ఉత్తరం రాయండి.

తిరిగి వచ్చేసరికి పరుగువాళ్ళు ఒక్కొక్కళ్ళే కొండ దిగుతున్నారు. ముందు బెజవాడ పిల్ల వచ్చింది, 6 గంటల 41 నిమిషాలు. మోకాలు చెక్కుకుపోయి నెత్తురు, ముఖం నిండా నవ్వు. మా అమ్మాయి 7 గంటల 3 నిమిషాలకి వచ్చింది. 22 నిమిషాల తేడా. అది పోయి నేల మీద పడుకుంటే, ఆ పిల్ల దాని బూట్లు విప్పి కాళ్ళు పిసుకుతూ, "బియ్యం ఎన్ని కిలోలు నానబోస్తావే?" అని అడుగుతోంది.

ఆడవాళ్ళకి ఇవన్నీ ఎందుకమ్మా అనే పెద్దలు మన ఇళ్ళలో ఉంటారు. వాళ్ళకి ఒక సంగతి చెప్పండి. 1994లో ఇక్కడి 100 మైళ్ళ పరుగులో మెక్సికో కొండల నుంచి తరాహుమారా తెగవాళ్ళు వచ్చారు. పుట్టినప్పటినుంచీ పరుగే వాళ్ళకి నడక. కాళ్ళకి పాత టైర్లు కోసి కుట్టుకున్న చెప్పులు. వాళ్ళందరికీ ఎదురు నిలిచింది ఆన్ ట్రేసన్ అనే ఒక్క ఆడమనిషి. చాలాదూరం ఆవిడే ముందుంది. చివరి భాగంలో హువాన్ హెర్రేరా అనే అతను దాటేశాడు. ఆవిడ 18 గంటల 6 నిమిషాల్లో ముగించి మొత్తం మీద రెండో స్థానంలో నిలిచింది. ఆ సమయాన్ని ఇంకో మహిళ దాటడానికి 31 ఏళ్ళు పట్టింది. 2025లో ఆన్ ఫ్లవర్ అనే డాక్టరమ్మ 18 గంటల లోపే ముగించింది.

ఇక మధ్యలో మూడు వారాలు నా వంటింటికి తీరిక లేదు. పందానికి ఏం తినాలన్నది పెద్ద శాస్త్రం. నేను ప్రేమగా సున్నుండలు చేస్తే మా అమ్మాయి ముట్టుకోలేదు. నెయ్యి అరగడానికి చాలాసేపు పడుతుంది, ఆయాసంలో కడుపులో తిప్పుతుందిట. బంగాళాదుంపలు చిన్నవి ఉడికించి ఉప్పు రాసి ఇమ్మంది. అక్కడ దారిలో పెట్టే తిండి కూడా అవే, అరటిపండు ముక్కలతో పాటు. చెమటలో ఉప్పు పోతుంది కనక ఉప్పు, వెంటనే శక్తి రావాలి కనక తీపి. ఆ పిల్లకి మాత్రం పల్లీ చిక్కీ చిన్న చిన్న ముక్కలు చేసి కవర్లో కట్టాను. నీళ్ళసీసాలో పల్చటి మజ్జిగ పోసుకుంటానంది కూడానూ. ఎండకి పులిసి సీసా మూత ఎగిరిపోతుందే అంటే మానేసింది.

జూలైలో సైకిలు పందెం మొదలే విచిత్రం. ఊరి చివర డచ్ హెన్రీ హిల్ అనే గుట్ట ఉంది. చలికాలంలో పిల్లలు మంచు మీద జారి ఆడుకునే గుట్టట. పందెం ఆ గుట్ట ఎక్కడంతోనే మొదలు. అంత నిటారు మీద సైకిలు తొక్కలేరు కనక వందలమంది సైకిళ్ళని తోసుకుంటూ, భుజాన మోసుకుంటూ చీమలబారులా ఎక్కుతారు. ఆ పైన పాత గనుల బండిదారులు. ఆ దారులు 12 వేల అడుగుల దాకా తీసుకుపోతాయి. అక్కడ చెట్టనేది ఉండదు. రాళ్ళు, గాలి, పాడుబడిన గని చెక్కలు. వెళ్ళిన దారినే మళ్ళీ రావాలి.

మేము దారి మధ్యలో జనం నిలబడే చోటికి చేరాం. మొదట వచ్చింది ఎవరనుకున్నారు? బెజవాడ పిల్లే! మా అమ్మాయి రెండు నిమిషాలు వెనక. మా అల్లుడు ముఖం చూడాలి. చిక్కీ ముక్క అందిస్తుంటే ఆ పిల్ల నోట్లో పెట్టించుకుని ఒక్కమాట కూడా మాట్లాడకుండా పోయింది. ఈసారి దాని ముఖంలో నవ్వు లేదు.

మధ్యాహ్నం అయ్యేసరికి కొండల మీద మబ్బు కమ్మింది. జూలైలో అక్కడ మధ్యాహ్నాలు ఉరుములు, పిడుగులు మామూలే. చెట్టులేని కొండ మీద ఇనప సైకిలుతో మనిషి నించుంటే ఎలా ఉంటుందో ఊహించుకోండి. ముగింపు దగ్గర కూర్చుని నేను ఆంజనేయ దండకం మొదలుపెట్టాను. 7 గంటల 12 నిమిషాలకి మా అమ్మాయి వచ్చింది. ఒంటరిగా. "అదేదీ?" అన్నాను. "వస్తుందమ్మా, టైరు పోయింది" అంది. నీళ్ళు తాగుతూ చెప్పింది. తిరుగుదారిలో దిగుడులో ఆ పిల్ల టైరు రాయికి కోసుకుంది. ఈ సైకిళ్ళకి లోపల ట్యూబు ఉండదు, పాలలాంటి జిగురు ద్రవం ఉంటుంది. చిన్న బెజ్జమైతే అదే పూడుకుంటుంది. కోత పెద్దదైతే ఆ పాలన్నీ కారిపోతాయి. ట్యూబు ఎక్కించుకుని గాలి కొట్టుకోవాలి. ఇది దాని పక్కన బ్రేకు వేసి, ఏమైనా కావాలా అని అడిగిందట. "అన్నీ ఉన్నాయి, నువ్వు పోవే" అందట అది. ఇది వచ్చేసింది.

"అలా ఎలా వచ్చేశావే? పైన ఉరుములు, ఒక్కతీ అక్కడ!" అన్నాను. మా అల్లుడు నాకు సర్దిచెప్పబోయాడు. పందెంలో దెబ్బ తగిలిందా, సామాను ఉందా అని అడగడం మర్యాద, ఉందన్నాక వెళ్ళిపోవడం కూడా మర్యాదేనట. కావచ్చు. ముప్ఫై ఒక్క నిమిషాలు ఆ గుట్ట వైపు చూస్తూ కూర్చున్నది నేను. వాన మొదలయ్యాక, బురదలో మునిగిన బొమ్మలా దిగింది ఆ పిల్ల. 7 గంటల 43 నిమిషాలు. నేను పమిట చెంగుతో ముఖం తుడుస్తుంటే, "పిన్నీ, అది ఆగి ఉంటే నేను జన్మలో దానితో మాట్లాడేదాన్ని కాదు. బెజవాడ వెళ్ళాక నాకు మిగిలేది ఈ లెక్కే కదా, అందులో జాలి కలిపితే ఎలా?" అంది. అంది సరే, ఆ తరవాత కారులో అరగంట సేపు ఇద్దరూ చెరో కిటికీ లోంచి బయటికి చూస్తూ కూర్చున్నారు. వెనకసీట్లో మధ్యన నేను. కాగితం మీద కూడితే బెజవాడ పిల్లకి మొత్తం 14 గంటల 24 నిమిషాలు, మా అమ్మాయికి 14 గంటల 15. తొమ్మిది నిమిషాల తేడా. టైరు మార్చుకోవడానికి పట్టింది పదమూడు నిమిషాలు. ఆ కూడిక వాళ్ళకీ తెలుసు, నాకూ తెలుసు. ఫ్రీమాంట్ కనుమ దగ్గర మా అమ్మాయే, "ఆ టైరు కొత్తది కొనమని నేను మార్చిలోనే చెప్పాను" అంది. "చెప్పావు, డబ్బులిచ్చావా?" అంది అది. ఇద్దరూ ఫక్కున నవ్వారు. నేను ఊపిరి పీల్చుకున్నాను, ఆ ఎత్తున ఎంత దొరికితే అంత.

మీ పిల్లలు ఆ వైపు ఉండి మీరు చూడ్డానికి వెళితే, తిన్నగా లెడ్‌విల్ ఎక్కకండి. రెండు మూడు రోజులు డెన్వర్‌లో ఉండి అప్పుడు వెళ్ళండి. బీపీ, ఉబ్బసం ఉన్నవాళ్ళు డాక్టర్ని అడిగి మరీ బయల్దేరండి. దాహం వేయకపోయినా నీళ్ళు తాగుతూ ఉండాలి. జూలై అయినా స్వెటరూ, సాక్సూ మర్చిపోవద్దు. తలనొప్పి, వాంతి వస్తే బింకానికి పోకుండా కిందికి దిగిపోవడమే మందు.

2023 సంక్రాంతికి నేను కాకినాడలో మా ఇంట్లో ఉన్నాను. భోగి ముందు రోజు బెజవాడ నుంచి బస్సు దిగి వచ్చింది ఆ పిల్ల, చేతిలో స్టీలు డబ్బా. అరిసెలు తనే వండిందట, తల్లి మంచం మీంచి పాకం చెబుతుంటే. మొదటి వాయి గట్టిపడి రాళ్ళయ్యాయిట, రెండోది కుదిరింది. డెన్వర్‌కి కూడా ఓ డబ్బా కొరియర్‌లో పంపింది, అరిసెల కన్నా కొరియర్ ఖర్చే ఎక్కువైంది. ఆ రాత్రి మా అమ్మాయి ఫోను చేసి, తనూ సొంతంగా ఓ వాయి వేద్దామనుకుంటున్నాననీ, థర్మామీటరు పెట్టి చూస్తే పాకం కుదరడం లేదనీ అంది. నీళ్ళు మరిగే వేడి తక్కువైనప్పుడు పాకం కుదిరే వేడీ తక్కువే ఉంటుంది కదా, ఆ గాజుగొట్టం పక్కన పెట్టి పళ్ళెంలో నీళ్ళు పోసి చుక్క వేసి చూడవే, వేలితో ఉండ కడితే దించెయ్యి అని చెప్పాను. ఇటునుంచి ఫోను లాక్కుని ఆ పిల్ల, "ఓడింది నేనైతే నువ్వెందుకే వండటం?" అని అరుస్తోంది. వాళ్ళ మాటలు తేలేసరికి నా పాలు పొంగిపోయాయి.